ఎడమవైపు చివరి సీటు

“పృథ్వీగారూ... ఆగండీ!”

చంపడానికి వెంటపడినవాడు కూడా ‘అండీ’ అంటున్నాడు!

పృథ్వీ ఆగలేదు. బైక్ ఏలూరు దాటి కైకలూరు రోడ్డెక్కింది. అప్పుడే చీకటి పడింది. రెండువైపులా చేపల చెరువులు. వెనక నల్ల కారు... అందులో విమానాల బ్రోకర్ జగదీష్.

‘గేరు మార్చరా...’

చెవి పక్కనే గొంతు!

అన్నయ్య చరణ్‌తేజ గొంతు. చిన్నప్పుడు వెనక కూర్చుని ఇలాగే భుజం తట్టేవాడు. ఇప్పుడు వెనక సీటు ఖాళీ. కొల్లేట్లో పడవ తిరగబడి పోయాడన్నారు. శవం కూడా దొరకలేదు.

పృథ్వీ గేరు మార్చాడు. కారు వెనకబడింది.

జేబులో రెండు వస్తువులు తొడకి గుచ్చుకుంటున్నాయి. ఒక తూటా. ఒక నేమ్ బ్యాడ్జి.

సాయంత్రం దాకా అతను అప్పిచ్చే బ్యాంకు పంపిన విమానాల ఇంజనీరు, అంతే. కైకలూరు రొయ్యల వ్యాపారి వెంకట్రాజు సెకండ్‌హ్యాండ్ జెట్ కొంటున్నాడు. కొనేముందు చెక్ చెయ్యాలి. రొయ్యలమ్ముకునేవాడికి అమెరికా దాకా ఆగకుండా ఎగిరే జెట్ ఎందుకని జిల్లా అంతా నవ్వింది. పృథ్వీ కూడా నవ్వాడు.

కానీ ఒకప్పుడు దాని పైలట్ అన్నయ్యే. విమానాశ్రయంలో దాని మెట్లెక్కి లోపలికెళ్ళాడు.

ఎడమవైపు చివరి సీటు. పక్కన గోడకి కొత్త ప్యానెల్. మిగతావన్నీ పాతవే! విప్పాడు...

వెనక పొరల్లో కూరుకుపోయిన తూటా! కింద సందులో అన్నయ్య బ్యాడ్జి. దానిమీద ఎండిన నెత్తురు.

అన్నయ్య నీళ్ళలో పోలేదు!

“ఏంటండీ అది? ఇలా ఇచ్చేయండి.” తలుపు దగ్గర జగదీష్.

వాణ్ణి తోసేసి పరిగెత్తాడు. ఫోన్ అక్కడే పడిపోయింది.

మోసపోతున్నది వెంకట్రాజు. ఆయనకి చెబితే చాలు... అమ్మకం ఆగుతుంది. పోలీసులు కదులుతారు. అన్నయ్యని చంపినవాడు దొరుకుతాడు!

వెంకట్రాజు ఇంటి గేటు.

‘లోపలికెళ్ళకురా...’

జీవితంలో మొదటిసారి అన్నయ్య మాట వినలేదు.

వరండాలో వెంకట్రాజు తల్లి వీరరాఘవమ్మ. విమానం పూజకని పళ్ళెంలో దర్భలు, నల్ల నువ్వులు సర్దుతోంది.

“రా బాబూ, కూర్చో. అబ్బాయి స్నానం చేస్తున్నాడు. మజ్జిగ తాగు.”

గ్లాసు అందుకున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి.

“వాహనపూజకి నిమ్మకాయలు, గుమ్మడికాయ కదండీ... దర్భలెందుకు?”

“అవి తర్వాత బాబూ. ముందు శాంతి. చావు జరిగిన బండిని శాంతి చేయించకుండా మావాణ్ణి ఎలా ఎక్కనిస్తానయ్యా?”

గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

అందులో చావు జరిగిందని తనకే ఈ సాయంత్రం తెలిసింది!

“మీకెవరు చెప్పారండీ?”

ఆవిడ నాలుక కరుచుకుంది.

వెనక తడి అడుగులు. వెంకట్రాజు! చేతిలో రివాల్వర్!

“జగదీష్ ఫోన్ చేశాడు. నేనెక్కించిన పెట్టెల్లో ఏముందో చూసి ఎగరనన్నాడయ్యా మీ అన్నయ్య. నేను బాడుగకి తీసుకున్న విమానం అది. రాత్రికి రాత్రి ప్యానెలైతే మార్పించాం గానీ తూటా దొరకలేదు. ఇంకెవరైనా కొంటే విప్పి చూడరూ? అందుకే నేనే కొంటున్నా.”

గేట్లోకి నల్ల కారు వచ్చి ఆగింది. జగదీష్ చెప్పులు విడిచి మెట్లెక్కాడు.

“మీ దగ్గరికే వచ్చాడా అండీ! అనవసరంగా తరిమాను.”

రివాల్వర్ పైకి లేచింది...

“ఒరే, ఆగరా!”

వీరరాఘవమ్మ అడ్డొచ్చింది. పృథ్వీకి ప్రాణం లేచొచ్చింది. ఎంతైనా తల్లి కదా!

ఆవిడ అతని చేతిలో గ్లాసు మెల్లగా తీసుకుంది.

“ఇంట్లో వద్దురా అబ్బాయ్! మళ్ళీ ఇంటిక్కూడా శాంతి చేయించాలి. చెరువు గట్టు మీదకి తీసుకెళ్ళు.”

పృథ్వీ చెవి ఒగ్గి విన్నాడు.

ఈసారి అన్నయ్య ఏమీ అనలేదు.