అందరికంటే వెనకవాడు

నీటి పరీక్షల ల్యాబులో పనిచేసే ఆ యువకుడికి ఆదివారం మధ్యాహ్నానికల్లా గొంతు బొంగురుపోయేది. జలుబు కాదు, వాడకం లేకపోవడం. శుక్రవారం సాయంత్రం తోటివారితో "వస్తానండీ" అన్నాక మళ్లీ సోమవారం దాకా అతడు మాట్లాడవలసిన మనిషే ఉండడు.

ఆ నిశ్శబ్దం భరించలేకే రగ్బీ క్లబ్బులో చేరాడు. పదిహేనుమంది ఆడే ఆట కదా, ఎవరో ఒకరు పలకరించకపోరని అతడి లెక్క. తీరా చేరాక కోచ్ అతణ్ని ఫుల్‌బ్యాక్‌గా నిలబెట్టాడు. అంటే జట్టు మొత్తానికి వెనక, దూరంగా, ఒంటరిగా నిలబడి, ఎదుటివాళ్లు ఆకాశంలోకి తన్నిన బంతిని పట్టుకోవాలి. దీన్ని విధి అనడానికి ఆధారం లేదు. ఖాళీగా ఉన్నది ఆ చోటొక్కటే.

నేర్పే బాధ్యత మహిళల జట్టు ఫుల్‌బ్యాక్ మీద పడింది. ఆమె సిటీ బస్సు డ్రైవరు. మొదటి సాయంత్రం ఆమె తన్నిన బంతి నేరుగా వచ్చి అతడి ముక్కుకు తగిలింది.

"చేతులున్నాయా?"

"గాలి వేగం అంచనా వేస్తున్నానండీ."

"నీ అంచనా తేలేలోపు ముక్కు వాచింది. బంతిని చూడు సైంటిస్టూ!"

తొలిచూపులో ప్రేమేమీ పుట్టలేదు. కళ్లనిండా నీళ్లు తిరగడంతో అతడికి ఆమె సరిగా కనిపించనే లేదు.

రోజూ జట్టు వెళ్లిపోయాక అరగంట పాఠం. వాన పడినా ఆగేది కాదు. కోలగా ఉండే ఆ బంతి ఎటు గెంతుతుందో ఏ సూత్రానికీ అందేది కాదు. ఆమె నవ్వు ఎప్పుడొస్తుందో అంతకన్నా అందేది కాదు. అరగంట తర్వాత ఆమె డ్యూటీకి వెళ్లేది. అతడు గదికి వెళ్లి, తడి సాక్సులు కుర్చీకి ఆరేసి, గోడను చూస్తూ కూర్చునేవాడు.

ఒకరోజు ప్రాక్టీసు ఆటలో బంతి పైకి లేచింది. అతడు సరిగ్గా దాని కిందికి చేరాడు. అదే బంతి కోసం వెనక్కి పరుగెత్తుకొచ్చిన తన జట్టువాడు, అందరూ బేకరీ అన్నయ్య అని పిలిచే బేకరీ యజమాని, అతణ్ని చూడలేదు. ఇద్దరూ గుద్దుకుని బురదలో పడ్డారు.

"పట్టేవాడు 'నాది' అని అరవాలని చెప్పానా లేదా?" గీత బయట నిలబడి చూస్తున్న ఆమె మండిపడింది.

"చెప్పారు. అరిచాననే అనుకున్నాను."

"ఎక్కడ? మనసులోనా?"

"ఇంట్లో అలాగే అలవాటండీ. టీ పెట్టుకుందామా అని మనసులోనే అడుగుతాను. సరేనని మనసులోనే అంటాను."

ఆమె నవ్వలేదు. మొహం తుడుచుకోమని తన తువ్వాలు ఇచ్చింది. ఆ సాయంత్రం బంతి ముట్టకుండా అరుపు ఒక్కటే నేర్పింది. మైదానం ఆ చివర నిలబడి "వినపడలేదు!" అంటూనే ఉంది. పాఠం ముగిసేసరికి ఇద్దరి గొంతులూ పోయాయి.

మొదటి మ్యాచ్ జరిగిన శనివారం ఆమెకు డ్యూటీ పడింది. ఆట ముగియబోతుండగా బంతి గాల్లోకి లేచింది. "నాది!" అని అతడు అరిచిన అరుపుకు బేకరీ అన్నయ్య ఠక్కున పక్కకు తప్పుకున్నాడు. ఎదుటివాళ్లు ఇద్దరు మీదపడి కూలదోసినా అతడు బంతిని వదల్లేదు. జట్టు గెలిచింది.

"భేష్!" అని కోచ్ వీపు తట్టాడు. "ఇక నీకు పాఠాలు అక్కర్లేదు. ఆ అమ్మాయికీ కాస్త విశ్రాంతి."

అందరూ తమ తమ వాళ్లతో వెళ్లిపోయారు. మైదానంలో అతడొక్కడే మిగిలాడు. ఆట వచ్చింది, అరగంట పోయింది. బాగా నేర్చుకుంటే ఇంత నష్టం ఉంటుందని ఏ పుస్తకంలోనూ అతడు చదవలేదు.

రోడ్డు మీదికి వచ్చి, ఆమె నడిపే బస్సు కోసం ఎదురుచూసి ఎక్కాడు. చివరి స్టాపులో అందరూ దిగినా కదలకుండా కూర్చున్నాడు.

"దిగాలండీ..." ఆమె అద్దంలోకి చూసింది. "ఓహో, నువ్వా! పట్టావటగా? కోచ్ ఫోన్ చేశారు."

"పట్టాను. పాఠాలు అక్కర్లేదన్నారు."

"మంచిదేగా."

"కాదండీ." లేచి ఆమె సీటు దగ్గరికి వచ్చాడు. "నాకు కావలసింది పాఠం కాదు, మీరు. బంతి లేకపోయినా ఫరవాలేదు."

ఆమె ఇంజను ఆపింది. పైకప్పు మీద చినుకుల చప్పుడు.

"నీకిక పాఠాలు అక్కర్లేదన్న మాట విని నేను కోచ్ మీద విసుక్కుని ఫోన్ పెట్టేశాను," అంది, స్టీరింగు వంక చూస్తూ. "రేపు నాకు సెలవు. మామూలుగా నువ్వు సెలవురోజున ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యనండీ."

"అయితే రేపు ఇద్దరం కలిసి ఏమీ చెయ్యకుండా ఉందాం."