కడుపులో లేని రాగి

మధులత శవం వసారాలో నులక మంచం మీద ఉంది. పదిహేడేళ్ల పిల్ల. ఒళ్లంతా పసుపు పూసినట్టు పచ్చబడింది. ముక్కు దగ్గర ఎండిన రక్తపు చార.

గోడవారగా ఓ ప్లాస్టిక్ జగ్గు. అడుగున నీలం మరక.

"ఇదేంటి?" అడిగింది పత్తికొండ ఎస్.ఐ. శిల్ప.

"మైలుతుత్తం మేడం. టమోటా తెగులుకు కొట్టేదానికి నేనే కలిపినా," అంది శివజ్యోతి. చనిపోయిన పిల్లకు సవతి తల్లి.

"పిల్లకు అన్నం, నీళ్లు ఎవరిచ్చేవాళ్లు?"

"నేనే. ఇంగెవురుండారు మేడం?"

వాకిట్లో ఆడవాళ్లు గొల్లుమన్నారు. తండ్రి శివన్న ఊగిపోతూ ముందుకొచ్చాడు.

"శానా నెలలాయ మేడం, బిడ్డ చేయి వణుకుతాండె. మాట తడబడతాండె. అన్నంలో ఏందో కలుపుతాందని ఊరంతా చెప్తానే ఉండె. నేనే ఇనలేదు!"

శిల్ప కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి పోలీసుల్లోకి వచ్చింది. మరకలో కొంత గీకి గాజు గొట్టంలో నీళ్లతో కరిగించింది. కిట్‌లోంచి అమ్మోనియా తీసి చుక్క చుక్కగా వేసింది. లేత నీలం నీళ్లు మొదట మడ్డికట్టాయి. ఇంకొన్ని చుక్కలు. మడ్డి మాయమై, గొట్టమంతా ముదురు సిరా రంగు.

"కాపరే," అంది. "అమ్మోనియా అణువులు చుట్టూ చేరి రాగిని పట్టుకుంటే వచ్చే రంగు ఇది."

హెడ్ కానిస్టేబుల్ ఓబుళేశు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టాడు. జనమంతా చూశారు. ఊరికి ఆ రంగే తీర్పు.

సాయంత్రానికి శివజ్యోతి అరెస్ట్.

కొన్ని వారాలకు ల్యాబ్ నుంచి కబురొచ్చింది. మధులత కాలేయంలో రాగి ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది.

"ఇంగ కేసు అయిపాయ మేడం," అన్నాడు ఓబుళేశు.

శిల్పకు మాత్రం మనసొప్పలేదు. కర్నూలులో పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ ఫిరోజాకు ఫోన్ చేసింది.

"కాలేయం సరే డాక్టర్. కడుపులో ఎంత ఉంది?"

"ఏమీ లేదు."

"పేగుల్లో?"

"లేదు. నోట్లో, గొంతులో కాలిన పుండ్లు కూడా లేవు. తుత్తం తాగితే నీలంగా, పచ్చగా వాంతులవుతాయి. అయ్యాయా?"

ఆ ప్రశ్న శిల్ప ఎవరినీ అడగలేదు.

"ఆ పిల్లకు సొంత తోబుట్టువులు ఉన్నారా?" ఫిరోజా గొంతు మారింది.

"చెల్లెలుంది. కీర్తన."

"వెంటనే తీసుకురండి. కళ్లు చూడాలి."

కర్నూలు ఆస్పత్రి గదిలో అందరూ చేరారు. శివన్న, కీర్తన ఒక బెంచీ మీద. బెయిలు మీద వచ్చిన శివజ్యోతి తలుపు దగ్గర నిలబడింది. ఎవరూ కూర్చోమనలేదు.

ఫిరోజా కీర్తన కంటిలోకి లైటు వేసి శివన్నను పిలిచింది. "నల్లగుడ్డు అంచు చూడండి."

గోధుమ రంగు వలయం. ఎవరో సన్నటి రాగితీగ చుట్టినట్టు.

"మనం వదిలేసిన క్లూ కడుపు," అంది శిల్ప మెల్లగా. "విషం పెడితే రాగి ముందు అక్కడ కనబడాలి. లేదు. చేయి వణకడం, మాట తడబడటం విషం వల్ల కాదు, జబ్బు వల్ల."

"తిండిలో ఎక్కువగా వచ్చే రాగిని మనందరి కాలేయం బయటికి పంపేస్తుంది," అంది ఫిరోజా. "ఈ పిల్లల కాలేయం పంపలేదు. కాలేయంలో, మెదడులో, కళ్లలో పేరుకుంటుంది. పుట్టుకతో వచ్చే జబ్బు. శివన్నా, మీ మొదటి భార్య మీకు చుట్టరికంలో ఏమవుతుంది?"

"మా అక్క కూతురు."

"ఆ లోపం మీ ఇద్దరిలోనూ ఉంది. మిమ్మల్ని ఏమీ చేయలేదు. రెండు వైపుల నుంచీ చేరింది కాబట్టి పిల్లల్ని పట్టుకుంది."

శివన్న తన చేతుల్ని చూసుకున్నాడు. "అంటే నా బిడ్డను నా రగతమే సంపినాదా? మందు ల్యాదా దీనికి?"

"ఉంది. పట్టకారులా రాగిని పట్టి, మూత్రంలో బయటికి లాగేస్తుంది. మధులతకు ముందే ఇచ్చుంటే..." ఫిరోజా ఆగింది. "కీర్తనకు ఈరోజే మొదలుపెడదాం. కాలేయం ఎంత మిగిలిందో చెప్పలేను."

గాజు గొట్టంలో శిల్ప చూసిందీ రాగి మీద అలాంటి పట్టే.

"ఇంగ ఎవుర్ని పట్టుకపోతావు మేడం?" అన్నాడు శివన్న.

శిల్ప శివజ్యోతి వైపు తిరిగింది. "కేసు మూసేయమని కోర్టుకు రాస్తాను."

"ఊరికెవురు రాస్తారు మేడం?" అంది శివజ్యోతి.

ఫిరోజా గుళిక తెచ్చి కీర్తన అరచేతిలో పెట్టింది. శివజ్యోతి గబగబా బాటిల్లోంచి గ్లాసులో నీళ్లు వంచి అందించింది. కీర్తన చేయి చాచలేదు. బెదురుగా నాన్న వైపు చూసింది. శివన్న తలెత్తలేదు.

శివజ్యోతి ఆ గ్లాసులోంచి తాను ఒక గుక్క తాగింది. పిల్లకు కనబడేలా మింగి, మిగిలిన నీళ్లు మళ్లీ అందించింది.