రంగుల షెడ్డు వెనక బావి

బట్టలకు రంగులద్దే షెడ్డు వెనక బావి దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. అక్కడ దెయ్యముంది. తెల్లగా ఉంటుంది, మొహం ఉండదు, గురగురమని ఊపిరి తీస్తుంది. అందరినీ సమానంగా పీడిస్తే ఎలాగో సర్దుకుపోయేవాళ్లం... దీనికి మగపిల్లలంటేనే పడదు.

మా వీధిలో రెండేళ్లలో నలుగురు మగపిల్లలు పుట్టారు. ముగ్గురికి మూత్రం వచ్చే రంధ్రం ఉండాల్సిన చోట లేదు, బాగా కిందికి ఉంది. ఆపరేషన్ చేస్తే సరిపోతుందన్నాడు డాక్టరు. దెయ్యానికి ఏం చేస్తే సరిపోతుందో మాత్రం ఆయన చెప్పలేదు.

మా అక్కకు ఏడో నెల. బావ దర్జీ. ఆయన నోట్లోంచి మాట రావడమే గగనం. అలాంటి మనిషి ఓ రాత్రి మిషను మీద గుడ్డ కప్పేసి లేచాడు.

"దాన్నే అడిగొస్తా."

"ఏమని బావా?"

"మా బిడ్డను వదిలెయ్యమని."

నన్ను రమ్మనలేదు. రమ్మన్నా వెళ్లేవాణ్ణి కాదు, అబద్ధమెందుకు? ఇక మీదటిదంతా బావ చెప్పిందే.

వెళ్లేసరికి అది గట్టు మీదే ఉందట. తెల్లగా... మొహం లేకుండా... డ్రమ్ము ఒంచి బావిలోకి ఏదో పోస్తోంది. బావ చేతులు జోడించాడు.

"అమ్మా... అయ్యా..." ఏమని పిలవాలో తెలీలేదు పాపం. "నా బిడ్డ జోలికి రాకు..."

దెయ్యం ఉలిక్కిపడింది. రెండు చేతులతో తల పట్టుకుని — ఊడబెరికింది!

కింద ఇంకో తల. చెమట కారుతోంది. షెడ్డులో పనిచేసే కుర్రాడే — ఒంటికి తెల్ల ప్లాస్టిక్ సూటు, చేతిలో మాస్కు.

బావకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వేశాడు కూడా.

"ఈ వేషమేంటి తమ్ముడూ?"

"ఈ కెమికల్ తగిలితే పుట్టబోయే పిల్లలకు మంచిది కాదంటన్నా. సూటు లేకుండా డ్రమ్ము ముట్టుకోనివ్వరు."

"మరి బావిలో పోస్తున్నావే...?"

"దెయ్యముందని ఇటు ఎవరూ రారుగా! ఈ నీళ్లు ఎవరు తాగుతారు?"

బావ నవ్వు ఆగిపోయింది.

"రాత్రిపూట రాం," అన్నాడట మెల్లగా. "పగలు... రోజూ మా ఆవిడే వస్తుంది, బిందె పట్టుకుని."