లిస్బన్ నుంచి మాడ్రిడ్‌కు: లేని గంట

"జాన్సన్‌ని మాడ్రిడ్ ఎయిర్‌పోర్టులో చంపేస్తారు. విమానం దిగగానే!"

ఫోన్‌లో చీఫ్ రామ్మూర్తి గొంతు పొడిగా ఉంది. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి ముందు నిలబడి వింటోంది ఏజెంట్ స్టెల్లా. ఇవాళ ఆమె వేషం మంగళగిరి చీరలమ్మే మనిషి. చంకలో మూట, జడలో మల్లెపూలు, ఆ పూలలో మత్తుసూది.

జాన్సన్ ఆమె శిష్యుడు. యూరప్‌లోని ఒక హంతక ముఠా ఏజెంట్ల లిస్టు మొత్తం అతని దగ్గరే ఉంది. విమానంలో ఉన్నాడు, ఫోన్ కలవదు.

"అక్కడి పోలీసులు రెడీ. కానీ హంతకుడి మొహం తెలీదు. ఫోటో హెలెన్ ఇస్తుంది. నాలుగున్నరకి, ఆ లాడ్జిలోనే రూమ్ 204."

పదేళ్లు యూరప్‌లో ఉన్న హెలెన్, ఆ ముఠాలో మన మనిషి.

"ఫ్లైట్ ఎప్పుడు దిగుతుంది సార్?"

"లిస్బన్‌లో పదింటికి లేచింది. మనకి రెండున్నర. మాడ్రిడ్‌లో దిగేది పన్నెండూ ఇరవైకి. రెండు గంటల ఇరవై నిమిషాలు. అంటే మనకి నాలుగూ యాభై. బోలెడు టైముంది."

అప్పుడు మూడున్నర. ఎండ మాడ్చేస్తోంది. లాడ్జి కింద ట్రావెల్స్ ఆఫీసులో మణెమ్మ పాతికేళ్లుగా టికెట్లు కొడుతోంది. స్టెల్లా ఆమె ముందు చీరలు పరిచింది గానీ, మనసు జాన్సన్ మీదే ఉంది.

"మేడమ్, మా మేనల్లుడు లిస్బన్ నుంచి మాడ్రిడ్ వెళ్తన్నాడు. రెండు గంటల ఇరవై నిమిషాలంటగా?"

మణెమ్మ చీర అంచు వదిలేసి నవ్వింది.

"ఎవరండీ చెప్పింది? ఐదొందల కిలోమీటర్లు! మన గన్నవరం నుంచి బెంగళూరంత. గంటా ఇరవై చాలు. అక్కడ దేశం మారితే గడియారం మారుద్దండీ. మాడ్రిడ్ గంట ముందుంటది. మనకి దేశమంతా ఒకటే టైము కదా, అందరూ టికెట్ మీద దిగే టైములోంచి ఎక్కే టైము తీసేసి లెక్కేస్తారు."

స్టెల్లా రెండున్నరకి గంటా ఇరవై కలిపింది. విమానం దిగేది మూడూ యాభైకే! గోడ గడియారం మూడూ ముప్పై తొమ్మిది చూపిస్తోంది.

పదేళ్లు అక్కడున్న హెలెన్‌కి ఈ సంగతి తెలియదా? తెలిసే నాలుగున్నర అంది. శవానికి ఫోటో ఇద్దామనుకుంది, పాపిష్టిది!

మూట అక్కడే పడేసి మెట్లెక్కింది. హెలెన్ తలుపు తీసింది. పట్టుగౌను, ఖరీదైన సెంటు, పెదాల మీద చిరునవ్వు.

"అప్పుడే వచ్చేశారేంటండీ?"

"పూలు తెచ్చానండీ," అంటూ జడలోని దండ తీసి ఆమె మెడకు ఆనించింది స్టెల్లా.

సూది దిగింది. హెలెన్ కూలిపోతూ నవ్వింది. "లేటైందండీ స్టెల్లా గారూ..."

హెలెన్ ఫోన్‌ని ఆమె వేలితోనే తెరిచింది స్టెల్లా. అందులో హంతకుడి ఫోటో: ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ నెట్టేవాళ్ల యూనిఫామ్‌లో నెరిసిన జుట్టు మనిషి. చీఫ్‌కి ఆ ఫోటో వెళ్లేసరికి మూడూ నలభై ఎనిమిది.

తర్వాత ఏ కబురూ లేదు. కింద ఆటోల హారన్లు మోగుతూనే ఉన్నాయి. జాన్సన్‌ని ఈ పనికి పంపింది తనే, ఆ పిల్లాడి తల్లికి ఏం చెప్పాలి?

నాలుగూ ఐదుకి చీఫ్ ఫోన్.

"దొరికాడు. విషం సిరంజి జాన్సన్ చొక్కా చేతిని తాకిందంతే."

స్టెల్లా అక్కడే కూలబడి ఏడ్చేసింది. అంతలో జాన్సన్ మెసేజ్ వచ్చింది. వాచీ ఇంకా లిస్బన్ టైములోనే ఉన్నట్టుంది.

"మేడమ్, ఈ దేశాలు సూపరండీ. ఫ్లైట్ గంట ముందే దింపేశాడు!"