ఊఁ కొట్టే యంత్రం

ఆ కాలంలో పరాయి భాష నేర్చుకునేవాణ్ణి పిచ్చివాడి కింద జమకట్టేవారు. నుదుటికి భావపట్టీ కట్టుకుంటే చాలు, ఎదుటివాడు ఏ భాషలో మాట్లాడినా అర్థం నేరుగా బుర్రలోకి దిగేది. మాట వెనకున్న తలంపును మెదడు తరంగాల్లోంచి పట్టి అందించడం, కావాలంటే రికార్డు చేయడం దాని పని. కూరగాయల బేరం నుంచి పెళ్లిచూపుల దాకా అన్నీ దానితోనే. మరి మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకున్నారా అంటే, ఆ సంబడం కూడా చెబుతాను.

పట్టీని కనిపెట్టింది డాక్టర్ కేదారి. అంతరించిపోతున్న భాషల్లోని నోటి చరిత్రలన్నీ ఉద్ధరించేస్తానని బయలుదేరి, సహాయకురాలు హైమను వెంటబెట్టుకుని గువ్వకొండ ఎక్కాడు. కొండ కింద జలాశయం, దాని అడుగున ఒక ఊరు. చెప్పాపెట్టకుండా నీళ్లు వదిలిన రోజున అందులో చనిపోయినవాళ్ల పేర్లు ఏ కాగితం మీదా లేవు. ఆ ఊరి భాష తెలిసిన ఆఖరి మనిషి సుక్కమ్మకు మాత్రమే అవి తెలుసు.

సుక్కమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది.

"ఊఁ కొట్టాలి నాయనా. వినేవాడు ఊఁ కొట్టకపోతే మాలో కథ చెప్పం. ఊఁ లేని కథలో చచ్చినవాళ్లు మళ్లీ చస్తారు."

"ఓస్, అంతేనా!" అన్నాడు కేదారి.

మొదటిరోజు కథ ఆవిడ తాత బావి తవ్వడం దగ్గరకొచ్చేసరికే మహానుభావుడికి ఆవలింతలు మొదలయ్యాయి. మర్నాటికల్లా చెవికి తగిలించుకునే ఊఁకారి అనే యంత్రాన్ని తయారుచేశాడు. చెప్పేవాళ్లు ఆగగానే అది కేదారి గొంతుతోనే "ఊఁ" అంటుంది. తరంగాల్లో దుఃఖం పెరిగితే "అయ్యయ్యో" అంటుంది. పనిచేస్తున్నంతసేపూ చిన్న పచ్చదీపం వెలుగుతుంది. వినకుండా తప్పించుకోవడానికి ఇంత తెలివి ఖర్చుపెట్టే జాతి మనది తప్ప మరొకటి ఉండదు!

హైమకు ఒళ్లు మండింది. "సార్, ఒక్కరైనా వినాలి కదండీ!"

"రికార్డవుతోంది కదమ్మా! తర్వాతి తరాలు తీరిగ్గా వింటాయి. కూర్చుని వినేదానికైతే నేను యంత్రం కనిపెట్టడం దేనికి?"

"పోనీ, నేను కూర్చుని వింటానండీ."

"నువ్వు కిందికెళ్లి ఇప్పట్నుంచే నా సన్మానసభ ఏర్పాట్లు చూడు."

హైమ కొండ దిగింది. కేదారి గోడకు చేరగిలబడి, నోరు తెరిచి గురకపెట్టాడు. యంత్రం ఊఁ కొడుతూనే ఉంది. ఆ వానాకాలంలోనే సుక్కమ్మ చనిపోయింది.

ఏడాది తిరిగేసరికి ఊఁకారి ప్రతి కొట్లోనూ అమ్ముడయింది. పాఠాల దగ్గర పిల్లలు, భార్యల దగ్గర భర్తలు, అత్తల దగ్గర కోడళ్లు, అందరి చెవులకూ అదే. మనిషికి మనిషి మాట వినే బాధ తప్పించినందుకూ, గువ్వకొండ చరిత్రను కాపాడినందుకూ కలిపి కేదారికి భారీ సన్మానం పెట్టారు. సభంతా పట్టీలు కట్టుకుంది. సుక్కమ్మ రెండోరోజు నుంచి చెప్పిన కథల రికార్డు మొదలైంది.

చెవికి ఏమీ తగిలించుకోనిది హైమ ఒక్కతే; మిగతావాళ్లు వినే పని ఊఁకారికి వదిలేసి ఎవరి ఆలోచనల్లో వాళ్లున్నారు. సుక్కమ్మ తలంపులు హైమ బుర్రలోకి సూటిగా వచ్చాయి.

"ఈ నాయన నిద్రపోతున్నాడు. ఇతని చెవిలో పురుగేదో ఊఁ అంటోంది. మావాళ్ల పేర్లు పురుగుకు చెప్పమంటారా? ఛీ! వినే మనిషి వస్తే చెబుదును. అందాకా దీనికి నా మేకల సంగతి చాలు. నల్లమేక తెల్లమేకను పొడిచింది. తెల్లమేక పందిరెక్కి సొరపాదు మేసింది..."

హైమ ఆఖరిదాకా వింది. ఎక్కడో ఒకచోట ఒక్క పేరైనా చెప్పి ఉంటుందని ఆశపడింది. మేకలు తప్ప ఏమీ లేవు.

సభంతా ఒక్క గొంతుతో "ఊఁ" అంది. తెల్లమేక ఈనలేక చచ్చిపోయిన చోట "అయ్యయ్యో" అంది. చివర్లో చప్పట్లు మారుమోగిపోయాయి. ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచి, జాతి తన మూలాలను తిరిగి పొందిందన్నాడు.

హైమ వేదిక మీదికి పరుగెత్తి కేదారి చెయ్యి పట్టుకుంది.

"సార్, ఆవిడ మనకేమీ చెప్పలేదండీ! అందులో ఒక్క మనిషి పేరు కూడా లేదు. మనం వినలేదని చెప్పకుండానే పోయిందండీ. ఆ ఊరు మళ్లీ మునిగిపోయింది సార్!"

కేదారి ఆమె కళ్లలోకి ఎంతో దయగా చూశాడు.

"ఊఁ," అన్నాడు. ఒక క్షణం ఆగి, "అయ్యయ్యో," అన్నాడు.

అతని చెవి దగ్గర పచ్చదీపం వెలుగుతోంది.