ఎర్త్ ఉన్నాది

దేవేంద్ర కొన్న కొత్త కరెంటు కారుకి ఇంటి దగ్గర చార్జర్ బిగించడానికి వచ్చిన ఇంజనీరు, పెట్టె విప్పకుండానే వెళ్లిపోతానంది. ఆమదాలవలసలో ఆ వీధికి వెళ్లి కోపిష్టి ఎవరని అడిగితే అందరూ దేవేంద్ర ఇల్లే చూపిస్తారు. ఆ సంగతి ఇంజనీరు కుసుమకుమారికి తెలియదు. తెలిసినా అదే మాట అనేది.

గొడవంతా ఒక్క మాట దగ్గర వచ్చింది. ముందురోజు ఆమె ఫోన్ చేసి, ఇంటికి ఎర్త్ ఉందా అని అడిగింది. ఫోనెత్తిన దేవేంద్ర తల్లి జగ్గమ్మ, "బాగా ఉన్నాది తల్లీ" అని చెప్పింది. ఆవిడ అబద్ధమాడలేదు. వాళ్లింట్లో ఫ్రిజ్ ముట్టుకుంటే చెయ్యి ఝుమ్మంటుంది. ఆ ఝుమ్మనడాన్నే మనవైపు ఎర్త్ అంటాం. కుసుమ అడిగింది మాత్రం, లీకైన కరెంటు మనిషి ఒంట్లోంచి పోకుండా నేలలోకి దించేసే తీగ గురించి. అది ఆ ఇంటికి ఏనాడూ లేదు. దానికి బదులు ఫ్రిజ్ ముందు ఒక జత హవాయి చెప్పులున్నాయి.

వాటిని చూడగానే కుసుమ మొహం మారిపోయింది. ఇవి ఇక్కడెందుకని అడిగింది.

"ఎర్త్ వస్తాది కదమ్మా. సెప్పులేసుకుని తలుపు తీస్తాం. అలవాటైపోనాది" అంది జగ్గమ్మ, కాఫీ ఇస్తూ.

కుసుమ కాఫీ పక్కన పెట్టి, మీటరు పెట్టి ఇల్లంతా చూసింది. పెరట్లో గొయ్యి తవ్వి బొగ్గూ ఉప్పూ వేసి పైపు దించాలంది. చార్జర్‌కి విడిగా లావు వైరు లాగాలంది. కొంచెం కరెంటు లీకైనా వెంటనే కట్టయిపోయే బ్రేకర్ పెట్టాలంది. అవన్నీ అయ్యేదాకా బిగించనంది. రైలు దిగే యాత్రికుల్ని శ్రీకూర్మం తిప్పుకుని బతుకుదామని కారు కొన్నవాడికి ఆ మాట ఎలా ఉంటుంది?

"మా నాన్న కట్టిన ఇల్లిది మేడమ్. ఇన్నాళ్లూ ఎవుడికీ ఏటీ అవలేదు."

"ఏటీ అవనంతవరకూ అందరూ అలాగే అంటారు" అని ఆమె స్కూటీ ఎక్కేసింది.

అంత కోపంలోనూ ఆమె నోట ఆ 'ఏటీ' అతనికి భలే నచ్చింది. ఆఫీసు తెలుగు వెనకాల మనమ్మాయే ఉంది.

మర్నాటి నుంచి దేవేంద్రకి సందేహాలు మొదలయ్యాయి, ఒక్కోదానికీ కుసుమకి ఒక ఫోను. గొయ్యి ఎంత లోతు, బొగ్గు ముందా ఉప్పు ముందా, రాళ్ల ఉప్పు వెయ్యాలా మెత్తటిదా. మెత్తటిదైతే కూరలో వేసుకోండని ఆమె ఒకరోజు అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఆమే ఫోన్ చేసి, గొయ్యి ఎందాకా వచ్చిందని అడగడం మొదలుపెట్టింది. ఊడ్పుల రోజులు, మనుషులు దొరకట్లేదని ఇతను చెప్పేవాడు. పార తనూ పట్టుకోగలడు. కానీ గొయ్యి పూర్తయితే ఫోన్ చెయ్యడానికి సాకేముంటుంది? ప్రేమలో పడ్డవాడి తెలివి అలాగే ఏడుస్తుంది.

ఈలోగా కారు వాకిట్లోనే ఉండిపోయింది. కారుతో వచ్చిన చిన్న చార్జర్‌ని గోడ ప్లగ్గులో పెడితే ఎర్ర లైటు వెలిగేది. అది ఎర్త్ లేదని చెప్పే లైటు. స్నేహితుడు లక్ష్ముడు అది చూసి నవ్వి, ప్లగ్గు విప్పి, కరెంటు తిరిగి స్తంభానికి వెళ్లే న్యూట్రల్ తీగకీ ఎర్త్ పిన్నుకీ మధ్య చిన్న వైరు ముక్క కలిపాడు. పచ్చ లైటు వెలిగింది. దేవేంద్ర దాన్ని ఫొటో తీసి, 'ఇంక మీతో పని లేదు మేడమ్' అని కుసుమకి పంపాడు. ఆమెను ఉడికించాలని, అంతే.

ఫోన్ వెంటనే మోగింది.

"ఎర్త్ లేకుండా పచ్చ లైటంటే న్యూట్రల్‌కి కలిపేశారు. అక్కడ గాలీ వానా ఉన్నాయా?"

"మామూలుగా లేవండి."

"ఇంట్లో లైట్లు సూడు. ఎలాగున్నాయి?"

దేవేంద్ర తలెత్తి చూశాడు. ట్యూబులైటు బగ్గుమని వెలిగి, మసకబారి, మళ్లీ బగ్గుమంటోంది. అదే చెప్పాడు.

"స్తంభం మీద న్యూట్రల్ ఊడిపోతన్నాది. అది తెగితే తిరిగెళ్లే దారి లేక, ఆ వైరు ముక్కలోంచి నీ కారు ఒళ్లంతా కరెంటే. మీయమ్మ ఎక్కడున్నాది దేవేంద్రా? మెయిన్ తీసెయ్, పరిగెత్తు."

జగ్గమ్మ వాకిట్లో ఉంది. చార్జింగెక్కిన కారుకి బొట్టు పెడదామని పసుపూ కుంకుమా పట్టుకుని తడి నేల మీద నడుస్తోంది. ఫ్రిజ్ దగ్గరైతే చెప్పులేసుకునేది. పూజకి కదా, విప్పేసింది. దేవేంద్ర అరిచిన అరుపుకి ఆవిడ ఆగిపోయింది. కుంకుమ నీళ్లలో పడింది. అతను మెయిన్ తీసేసి, తల్లిని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాడు.

వాన తగ్గకముందే కుసుమ వచ్చింది. ప్లగ్గు విప్పి ఆ వైరు ముక్క తీసి అతని చేతిలో పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మా నాన్నా అందరికీ ఎర్త్ వస్తాది, సెప్పులేసుకోండని సెప్పీవోడు" అంది. "ఆ పొద్దున కాళ్లు కడుక్కుని, వట్టి కాళ్లతో పెరట్లో మోటారు ముట్టుకున్నాడు. మీయమ్మ ఎర్త్ ఉన్నాదన్నప్పుడే అదేటో నాకు తెలియాల్సింది. మా ఇంట్లోనూ అదే మాట. నీకు మాత్రం అన్నీ సెప్పేను. అయినా ఆటలాడేవు."

జగ్గమ్మ ఆమె తల నిమరబోతే తప్పుకుని వెళ్లిపోయింది. తర్వాత దేవేంద్ర ఫోన్ చేసినా ఎత్తలేదు.

ఆమె ఇంక ఈ గడప తొక్కదని అతనికి అర్థమైంది. ఆ బాధకి మందు లేదు కాబట్టి పార పట్టుకున్నాడు. గొయ్యి తవ్వాడు, పైపు దించాడు, బొగ్గూ ఉప్పూ నింపి నీళ్లు పోశాడు. వైరూ బ్రేకరూ కూడా పెట్టించి, పని అయిందని కంపెనీకి చెప్పాడు. పరీక్ష చెయ్యడానికి కుసుమే వచ్చింది. మీటరు చూసి తలూపి, చార్జర్ బిగించింది.

బ్యాగు సర్దుకుంటుంటే దేవేంద్ర అన్నాడు. "మీతో మాట్లాడొచ్చని గొయ్యి తవ్వకుండా సాగదీసేను. నా సరదాకి మా అమ్మ పోయేది. మీరంటే నాకు ప్రాణం. అది సెప్పే అర్హత లేదు. అయినా సెప్పేను."

కుసుమ తనకే చెప్పుకుంటున్నట్టు మెల్లగా అంది. "ఊళ్లో అందరిళ్లకీ ఎర్త్ పెట్టించేను. మా ఇంటికి లేదు. నాన్న పడిన చోట మా అమ్మ పార దింపనివ్వదు. నాకూ మనసొప్పలేదు."

ఆ ఆదివారం దేవేంద్ర కారు శ్రీకూర్మం దారిలో కుసుమ వాళ్ల ఊళ్లో ఆగింది. పెరట్లో తుప్పు పట్టిన మోటారు పక్కన చోటెక్కడో కుసుమ చూపించింది. అతను చొక్కా విప్పి, నేలకి దణ్ణం పెట్టుకుని తవ్వడం మొదలుపెట్టాడు. పార చప్పుడుకి ఆమె తల్లి వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ఎవుడే ఆడు? ఎవుడు తవ్వమన్నాడు?"

కుసుమ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ విదిలించుకోబోయింది గానీ కూతురు వదల్లేదు.

"మనోడేనమ్మా" అంది. "తవ్వనియ్యి."