గుడ్ల మీది చిట్టిగవ్వ

సోమవారం లోపు బాలశౌరి చేయాల్సిన పనులు ఇవి: పట్టిన ప్రాణుల్ని కుళ్లకుండా నిలవుంచే ఫార్మలిన్ సీసా సర్దుకోవాలి, చల్లపల్లి బస్సు అందుకోవాలి, అక్కడ అద్దె సైకిలు తీసుకుని సముద్రం దాకా తొక్కాలి, బతికున్న చిట్టిగవ్వను పట్టి, ఆ సీసాలో వేసి తెచ్చి జువాలజీ హెడ్డుగారి బల్ల మీద పెట్టాలి. అలా పెడితేనే విజయవాడ కాలేజీలో అతని టెంపరరీ డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం ఇంకో ఏడాది సాగుతుంది. వాళ్లింట్లో డిగ్రీ చదివినవాడు అతనొక్కడే.

ఆ తీరమంతా ఇసుక, బురద. రాళ్లున్నది ఒక పాత కట్ట దగ్గరే. చిట్టిగవ్వ ఎండ తగలని చోట, నాచు పట్టిన రాతి అడుగున ఉంటుందని పుస్తకంలో చదివాడు. పాంటు మడిచి పది రాళ్లు తిరగేశాడు.

"ఏవండీ, రాయి అలా వెల్లకిలా వదిలేస్తే దాని కిందవి ఎండకు చావవూ?"

వెనక ఒకమ్మాయి. కట్ట కాపలా చూసే మరియదాసు కూతురు జీవరత్నం, ఊళ్లో చిన్నబడి టీచరు.

"నేను లెక్చరర్నండి," అన్నాడు, హోదా కాస్త పెంచి.

"అయితే మరీ తప్పు." రాళ్లన్నీ ఒక్కొక్కటే బోర్లించింది. "ఇంతకీ ఏం కావాలి?"

"గవ్వ. బతికున్నది."

"ఇదుగో, ఇందాక మీరు చూసి వదిలేశారే, ఇదేగా."

"ఇది నల్లగా జిగురుగా ఉంది. గవ్వ మెరుస్తుందండి."

"మీ బీరువాలో గవ్వ మెరుస్తుంది. బతికున్నది పైట కప్పుకుంటుంది."

వేలితో తాకింది. నల్లటి పొర రెండువైపులకీ జారి, గోరంత గవ్వ తళుక్కుమంది. బాలశౌరి గవ్వను చూడాల్సింది పోయి వేలిని చూశాడు. తర్వాత సీసా మూత తీశాడు.

"ఆగండి. గుడ్ల మీద కూర్చుందది."

నిజమే. దాని అడుగున గసగసాల్లా గుడ్లు.

"ఇది లేకుండా వెళ్తే నా ఉద్యోగం పోతుందండి."

"తీసుకెళ్లండి మరి. నేనేమైనా పట్టుకున్నానా?" అని మొహం అటు తిప్పుకుంది.

మూత బిగించి, రాయి మెల్లగా బోర్లించాడు.

సోమవారం హెడ్డుగారు "గవ్వేదయ్యా?" అన్నారు. "గుడ్ల మీద ఉందండి," అన్నాడు. నెలాఖరుకి ఉద్యోగం పోయింది. ఇబ్రహీంపట్నంలో కరెంటు స్టేషను కడుతుంటే, సిమెంటు గోడౌన్లో గుమాస్తాగా చేరాడు. చేరిన మొదటి ఆదివారమే కట్ట దగ్గరికి వెళ్లాడు.

"ఈసారి ఏం పట్టుకెళ్దామనండీ?" అంది జీవరత్నం.

"గుడ్లు ఏమయ్యాయో చూద్దామని."

"పిల్లలై నీళ్లలో కలిసిపోయాయి. మీ ఉద్యోగం?"

"అదీ కలిసిపోయింది."

ఆమె నవ్వబోయి ఆగింది. "నా మాట పట్టుకునా?"

"సగం మీ మాట, సగం దాని గుడ్లు. మీ నాన్నగారినొకటి అడగాలండి. ముందు మిమ్మల్ని."

ఆమె వెల్లకిలా ఉన్న ఓ రాయిని బోర్లించింది. "నాన్న ఇంట్లోనే ఉన్నాడు," అంది.

గుమాస్తాకు పిల్లనిస్తావా అని చుట్టాలు గొణిగారు. మరియదాసు చుట్ట ఆర్పాడు. "గుడ్ల మీదున్న పురుగు కోసం కొలువు వదులుకున్నోడు, నా పిల్లను వదిలేస్తాడంటారా? ఫాదరుగారితో చెప్పి చాటింపు వేయించండి."

మూడు ఆదివారాలు చర్చి గుళ్లో, అభ్యంతరముంటే చెప్పమని పెళ్లి చాటింపు జరిగింది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

మరుసటేడు నవంబరులో ఉప్పెన వచ్చింది. కట్ట దగ్గర ఇల్లు మిగల్లేదు, మరియదాసూ మిగల్లేదు. జీవరత్నం ఇబ్రహీంపట్నంలో ఉంది, ఆయన కాపురానికి పంపబట్టి. ఆయనకు సంతకం రాదు, పేరు ఏ రాతి మీదా లేదు. ఇది చదివినవాళ్లు ఒక్కసారి ఆయన్ని తలుచుకోండి.